చల్లారితే మాయమయ్యే జబ్బు

తిరుమల నుంచి దిగుతున్నాం. స్టీరింగ్ మా బావ చేతిలో ఉంది. వెనక సీట్లో అమ్మ, ఆమె ఒళ్లో నిద్రపోతున్న పిల్లలు. దిగుడే కదా, పెట్రోలు మిగులుతుందని బావ న్యూట్రల్‌లో వేసి, కాలు బ్రేకు మీదే ఉంచి వస్తున్నాడు.

1944లో తెరిచిన పాత ఘాట్ అది. ఇప్పుడు దిగడానికే వాడుతున్నారు. 40 నిమిషాలకు ముందు కిందికి చేరకూడదన్న నియమం ఉంది కాబట్టి మేమూ మెల్లగానే వస్తున్నాం.

"బావా, ఏదో కాలిన వాసన."

"ముందు బస్సుదిలే."

రెండు మలుపుల తర్వాత బావ మొహం మారిపోయింది. "తొక్కుతుంటే కాలు కిందికి పోతోందిరా!"

"గేర్లో వెయ్ బావా!"

మూడు, రెండు. ఇంజన్ గుర్రుమంది. బావ పెడల్‌ను గబగబా తొక్కుతూనే హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగాడు. కొండ వైపు అంచుకి ఆనించి ఆపేసరికి అమ్మ గోవింద నామాలకు పిల్లలు లేచి కూర్చున్నారు.

ముందు చక్రాల్లోంచి పొగ. నేను నీళ్ల సీసాతో పరిగెత్తాను. వెనకే ఆగిన జీపు డ్రైవరు అరిచాడు: "పోయొద్దు నా! కాలిన డిస్కు చీలిపోతుంది. దానంతటదే చల్లారనీ."

గంట తర్వాత పెడల్ మామూలుగానే గట్టిగా తగిలింది. "బాగానే ఉంది, ఇంటికెళ్లాక చూపిద్దాం" అన్నాడు బావ. అమ్మ ఒప్పుకోలేదు. మొదటి గేర్లో పాక్కుంటూ తిరుపతిలో ఒక షెడ్డుకు చేరాం.

మెకానిక్ బానెట్ ఎత్తలేదు. ముందు అడిగాడు.

"తొక్కితే రాయి మాదిరి ఉండిందా, దూది మాదిరా?"

"దూదే."

"అయితే బూస్టర్ కాదు. ఒక పక్కకి లాగిందా?"

"లేదు."

"కాలిపర్ పట్టేయలేదు. స్టీరింగ్ వణికిందా?"

"లేదు."

"డిస్కు వంకర పోలేదు."

ఇంజన్ ఆన్‌లో పెట్టి పెడల్ నిమిషం సేపు అదిమి ఉంచమన్నాడు. దిగలేదు. మాస్టర్ సిలిండర్ కూడా బాగానే ఉందన్నమాట. అప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తిప్పాడు. లోపల కాఫీ డికాక్షన్!

"ఎప్పుడు మార్పించినారు సార్?"

బండి కొని ఆరేళ్లు. బావ నా వైపు చూశాడు.

"గాల్లో తేమను తాగుతుంది సార్ ఇది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు. నీళ్లు పట్టిందైతే 140కే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి. మీరు తొక్కిన బలమంతా ఆవిరిని నొక్కేదానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు. చల్లారితే ఆవిరి మళ్లీ ఆయిలే. అందుకే ఇప్పుడు పెడల్ బాగుంది. ఇంకో ఘాట్ తగిలితే మళ్లీ ఇదే కథ."

నాలుగు చక్రాలకూ నిపుల్ వదులు చేసి ఎయిర్ తీశాడు. సన్నటి ట్యూబులోంచి నల్లటి ఆయిల్ బుడగలతో సీసాలోకి కారింది. తర్వాత తేనె రంగు దిగింది. గాజులా మెరిసిపోతున్న పాత ప్యాడ్లు బావ చేతిలో పెట్టి, "రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి. ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడూ అదే" అన్నాడు.

మొన్న శ్రీశైలం ఘాట్ దిగుతుంటే అమ్మ అడిగింది: "ఏంటి బాబూ, బండి ఇలా మూలుగుతోంది?"

రెండో గేరు మీంచి చెయ్యి తీయకుండా బావ అన్నాడు: "మూలగనీ అత్తయ్యా. బ్రేకుకి కాస్త విశ్రాంతి."