హలీమ్ చాటున మరుగైన చరిత్ర

రంజాన్ అనగానే మన రచయితల కలం హైదరాబాదు హలీమ్ బట్టీ దగ్గరే ఆగిపోతుంది. అరబ్బు సైనికుల వెంట వచ్చిందని చెప్పే ఆ వంటకానికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది; సంతోషమే. కాని నర్సీపట్నం నైజాము కాదు. 1766 ఒప్పందంతో, గుంటూరు మినహా, ఉత్తర సర్కారులు కుంపిణీ వశమయ్యాయి. ఇక్కడి ముస్లింల పండుగకు చార్మినారు నీడ తగిలించడం చరిత్ర కాదు, బద్ధకం.

అసలు సంగతి గింజలో ఉంది. ఈద్ నమాజుకు ముందే, ఇంట్లో పసిబిడ్డతో సహా తలకింత అని లెక్కగట్టి, ధాన్యమో దాని వెలో పేదలకు ముట్టజెప్పాలి. అదే ఫిత్రా. పాలు, సేమియా, ఖర్జూరం కలిసిన షీర్ ఖుర్మా ఆ తర్వాతి మాట. ఇచ్చే చేతిని పొగిడిన మన విమర్శ, పుచ్చుకునే చేతిని ఎంతవరకు చూసింది? కావలి ముస్లిం ఇళ్లను ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ తెలుగు కథలోకి తెచ్చాయి. మన్యం అంచునున్న ఈ పట్నం ఇళ్లూ కథకు ఎదురుచూస్తున్నాయి.