తుంటికీలులో చిరుగు: కారణమా, పర్యవసానమా?

రుబ్బురోలులో పొత్రం తిరిగినట్టు తొడ ఎముక తల కటి ఎముకలోని గుంటలో తిరుగుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు ఆ గుంటకు శ్రోణి ఉలూఖలం అని పేరు పెట్టాయి; ఉలూఖలం అంటే రోలే. ఆ రోటి అంచు చుట్టూ తంతువులతో నిండిన మృదులాస్థి కట్టు ఒకటి ఉంటుంది. దాని పేరు లేబ్రమ్. లాటిన్‌లో ఆ మాటకు పెదవి అని అర్థం. గుంట లోతును కాస్త పెంచి, కీలులోని ద్రవం బయటికి జారకుండా పట్టి ఉంచడం దాని పని.

శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులకు ఈ పెదవి ఎన్నడో తెలుసు. అది చిరగడం వైద్యుల దృష్టికి రావడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్ది సగం గడిచింది. 1957లో పాటర్సన్ వర్ణించిన చిరుగు ప్రమాదాలకు సంబంధించినది: స్థానం తప్పిన తుంటిని తిరిగి కూర్చబోతే, చిరిగిన లేబ్రమ్ మధ్యలో ఇరుక్కుని అడ్డుపడింది. 1977లో ఆల్టెన్‌బర్గ్ ఇంకొక అడుగు ముందుకు వేసి, తుంటి నొప్పికీ కీలు అరుగుదలకూ ఈ చిరుగే కారణం కావచ్చునని వాదించారు.

ఇంత ఆలస్యానికి ప్రధాన కారణం చూపు అందకపోవడమే. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గాని మృదులాస్థి కనిపించదు. కీలులోకి సన్నని గొట్టం దూర్చి చూసే ఆర్థ్రోస్కోపీకీ తుంటి సులువుగా లొంగలేదు. 1931లో న్యూయార్క్ వైద్యుడు మైకేల్ బర్మన్ మృతదేహాల కీళ్ళను ఈ విధంగా పరీక్షించి, తుంటిలో ఎముక తలకూ గుంటకూ నడుమ సూది దూర్చడం కూడా అసాధ్యమని అభిప్రాయపడ్డారు. 1939 నాటికి జపాన్‌లో కెంజి తకాగి కొద్దిమంది రోగుల తుంటిని ఇలా పరీక్షించినా, ఆ పద్ధతి దశాబ్దాల పాటు వ్యాపించలేదు. కాలిని లాగి పట్టి ఎముకల మధ్య ఎడం కల్పించే విధానాలు 1980లలో కుదురుకున్నాయి. కీలులోకి ద్రవం ఎక్కించి తీసే ఎమ్మారై 1990లలో వచ్చింది. అప్పటినుండి చిరుగులు విరివిగా కనబడసాగాయి.

కనబడిన చిరుగును కత్తిరించి తీసివేయడమే తొలినాళ్ళ చికిత్స. కొందరికి ఉపశమనం కలిగింది. కొందరికి నొప్పి తిరగబెట్టింది. పెదవి ఎందుకు చిరుగుతోందన్న ప్రశ్న అడగకుండానే చికిత్స మొదలైంది.

ఆ ప్రశ్నకు సమాధానం స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరం నుండి వచ్చింది. రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన సహచరులు తొడ ఎముక తలకు రక్తం అందించే ధమని మార్గాన్ని నిశితంగా గుర్తించి, దానిని కాపాడుతూనే తుంటిని పూర్తిగా వెలికితీసి చూసే శస్త్రచికిత్సను రూపొందించారు. 213 తుంటికీళ్ళలో ఇలా చేసినా ఎక్కడా రక్తప్రసరణ లేక ఎముక చచ్చుబడలేదని 2001లో ప్రకటించారు. ఆ అనుభవంతో 2003లో ఒక సిద్ధాంతాన్ని ముందుంచారు. తొడ ఎముక మెడ దగ్గర ఉబ్బు ఉన్నా, గుంట అంచు మరీ ముందుకు పొడుచుకువచ్చినా, తొడను మడిచినప్పుడల్లా ఎముకలు ఒరుసుకుంటాయి. నడుమ చిక్కిన లేబ్రమ్ నలిగి చిరుగుతుంది. ఈ ఊహకు పూర్వరంగం లేకపోలేదు. 1936లోనే బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ గుంట అంచును చెక్కి నొప్పి తగ్గించే ప్రయత్నం చేశారు. 1975లో స్టల్‌బర్గ్ బృందం పిస్తోలు పిడిలా కనిపించే తొడ ఎముక ఆకారాన్ని కీలు అరుగుదలతో ముడిపెట్టింది.

కారణం ఎముకలో ఉందని తేలాక చికిత్స మారింది. ఎముకను సరిదిద్ది, పెదవిని తీసివేయకుండా తిరిగి కుట్టడం మొదలైంది. 2006లో బెర్న్ వైద్యులే రెండు పద్ధతులను పోల్చారు. రెండేళ్ళ తరువాత, లేబ్రమ్ తీసివేసినవారిలో 28 శాతం తుంటికీళ్ళకూ, తిరిగి అతికించినవారిలో 80 శాతం తుంటికీళ్ళకూ అత్యుత్తమ ఫలితాలు కనిపించాయి. గుంట లోతు తక్కువగా ఉన్నవారి సమస్య వేరు: అక్కడ బరువంతా అంచు మీద పడుతుంది కనుక, కుట్టు ఒక్కటే నిలవదు. అటువంటివారిలో గుంట చుట్టూ ఎముకను కోసి దిశ మార్చే శస్త్రచికిత్సను గాంజ్ బృందం 1980లలోనే ప్రవేశపెట్టింది.

శస్త్రచికిత్సలు పెరిగేకొద్దీ సందేహాలూ పెరిగాయి. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో తుంటినొప్పి ఏమాత్రం లేని 45 మందికి ఎమ్మారై తీస్తే, 69 శాతం మందిలో చిరుగు కనిపించింది! అంటే చిరుగు ఉండడం, నొప్పికి అదే మూలం కావడం ఒకటి కావు. 2016లో వార్విక్‌లో సమావేశమైన నిపుణులు రోగి బాధ, పరీక్షలో దొరికిన ఆనవాళ్ళు, చిత్రాల సాక్ష్యం మూడూ కలిస్తేనే ఒరిపిడి జబ్బుగా నిర్ధారించాలని తీర్మానించారు. 2018లో బ్రిటన్‌లోని 23 ఆసుపత్రుల్లో 348 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. శస్త్రచికిత్స పొందినవారూ, ఒక పద్ధతి ప్రకారం వ్యాయామ చికిత్స పొందినవారూ ఇద్దరూ మెరుగుపడ్డారు. ఏడాది తరువాత శస్త్రచికిత్సది పైచేయే అయినా, తేడా నూటికి 6.8 పాయింట్లు మాత్రమే.

గజ్జలో నొప్పితో వెళ్ళి, చేతిలో ‘లేబ్రల్ టేర్’ అన్న రిపోర్టుతో బయటికి వచ్చే వ్యక్తికి ఈ చరిత్ర కొన్ని ప్రశ్నలు అందిస్తుంది. నొప్పి నిజంగా కీలులోపలిదేనా? మత్తుమందును కీలులోకి ఎక్కించినప్పుడు నొప్పి తగ్గితే, ఆ అనుమానం బలపడుతుంది. ఎముక ఆకారం ఎలా ఉంది? మృదులాస్థి ఎంత మిగిలి ఉంది? అది ఇప్పటికే బాగా అరిగిపోయి ఉంటే పెదవిని కుట్టి ప్రయోజనం తక్కువ. తుంటి, నడుము కండరాలను బలపరిచే వ్యాయామాన్ని కొన్ని నెలలు శ్రద్ధగా చేశారా? నొప్పి పుట్టించే లోతైన మడతలను, ఎక్కువసేపు కూర్చోవడాన్ని తగ్గించారా? వీటికి జవాబులు దొరికాక తీసుకునే నిర్ణయం, శస్త్రచికిత్సే అయినా, చిత్రంలోని ఒక గీతను చూసి తీసుకున్నదాని కంటే పదిలమైనది.