‘స్త్రీద్వేషం’: అర్థపరిణామం, రాజకీయ ప్రసంగం

ఒక పదానికి ప్రజావ్యవహారంలో ఏ అర్థం స్థిరపడుతుందనేది నిఘంటుకర్తలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆరోపణకు గురైన వ్యక్తి దేనికి జవాబు చెప్పాలో, దేని నుంచి తప్పించుకోగలడో ఆ అర్థమే నిర్ణయిస్తుంది. ‘మిసాజినీ’ అనే ఆంగ్లపదం, దానికి తెలుగులో వాడుకలో ఉన్న ‘స్త్రీద్వేషం’ అనే సమాసం ఇందుకు తగిన ఉదాహరణలు. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటులో జరిగిన ఒక చర్చను, దాని తరువాత ఒక నిఘంటువులో వచ్చిన మార్పును ఆధారం చేసుకొని ఈ అర్థపరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదచరిత్ర

గ్రీకులో ‘మిసోస్’ అంటే ద్వేషం, ‘గునే’ అంటే స్త్రీ. 1615లో జోసెఫ్ స్వెట్నం స్త్రీలను నిందిస్తూ ఆంగ్లంలో ఒక కరపత్రం ప్రచురించాడు. దానికి ప్రతిస్పందనగా వచ్చిన నాటకమొకటి 1620లో అచ్చయింది. అందులో స్వెట్నం ‘మిసోజినోస్’ అనే పేరుతో పాత్రగా ప్రవేశిస్తాడు, స్త్రీల చేతనే విచారింపబడతాడు. అంటే ఆంగ్లంలో ఈ పదం తొలిదశలోనే ఒక వ్యక్తి స్వభావానికి పేరుగా నిలిచింది. దోషం ఆ మనిషి మనసులో ఉన్నట్లు, అతణ్ణి శిక్షిస్తే సమస్య తీరినట్లు భావించే అవకాశం ఆ అర్థంలోనే ఉంది.

2012 నాటి చర్చ

ఆస్ట్రేలియా తొలి మహిళా ప్రధాని జూలియా గిలార్డ్ 2012 అక్టోబరు 9న ప్రతినిధుల సభలో సుమారు పదిహేను నిమిషాలు ప్రసంగించారు. స్పీకర్ పీటర్ స్లిపర్ పంపిన సందేశాల్లో స్త్రీలను కించపరిచే మాటలున్నాయని, ఆయనను తొలగించాలని ప్రతిపక్ష నాయకుడు టోనీ అబాట్ తీర్మానం ప్రవేశపెట్టారు. గిలార్డ్ దానిని వ్యతిరేకిస్తూ అబాట్ పూర్వపు మాటలనే సాక్ష్యంగా చూపారు. అధికార నిర్వహణకు పురుషులు స్వభావరీత్యా ఎక్కువ తగినవారు కావచ్చన్న ఆయన అభిప్రాయాన్నీ, తనను మంత్రగత్తెగా దూషించే ప్లకార్డుల పక్కన ఆయన నిలబడిన తీరునూ సభకు గుర్తుచేశారు. తీర్మానం ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. అయినా ఆ సాయంత్రమే స్లిపర్ రాజీనామా చేశారు.

దేశీయ పత్రికారచయితల్లో పలువురు ఈ ప్రసంగాన్ని స్పీకర్‌ను కాపాడే ఎత్తుగడగానే వ్యాఖ్యానించారు. విదేశాల్లో మాత్రం దానికి అపూర్వ ఆదరణ లభించింది. ఒంటరి తల్లిదండ్రులకు అందే భృతిని తగ్గించే ప్రభుత్వ బిల్లు అదేరోజు సెనేట్‌లో ఆమోదం పొందిందనే విమర్శ కూడా గమనించదగినది. ఆ భృతి పొందేవారిలో అత్యధికులు స్త్రీలే.

అబాట్ పక్షం వినిపించిన వాదం ఇక్కడ ముఖ్యం. ప్రసంగానికి కొద్దిరోజుల ముందే ఆయన భార్య బహిరంగంగా ముందుకు వచ్చి, ఆయనకు స్త్రీల పట్ల అవగాహన ఉందని సమర్థించారు. భార్యను, కుమార్తెలను ప్రేమించే వ్యక్తి స్త్రీద్వేషి ఎలా అవుతాడన్నది ఈ సమర్థనలోని తర్కం. పదానికి ‘ద్వేషం’ అనే అర్థం మాత్రమే ఉన్నంతవరకు ఈ తర్కానికి బలం ఉంటుంది.

ఆ నెలలోనే మక్వారీ నిఘంటువు సంపాదకురాలు స్యూ బట్లర్ పదవివరణను విస్తరించనున్నట్లు ప్రకటించారు. స్త్రీల పట్ల పాతుకుపోయిన దురభిప్రాయం అనే అర్థం అందులో చేరింది. ప్రధానికి అనుకూలంగా నిఘంటువును మార్చారనే ఆక్షేపణలు వచ్చాయి. అప్పటికే వాడుకలో స్థిరపడిన అర్థాన్నే నమోదు చేశామని బట్లర్ సమాధానమిచ్చారు. 2017లో తత్త్వవేత్త కేట్ మాన్ ఈ చర్చను మరింత ముందుకు తీసుకువెళ్ళారు. స్త్రీలను తక్కువగా చూడటాన్ని సమర్థించే భావజాలం వేరనీ, ఆ హద్దు దాటిన స్త్రీలను దండించి అదుపుచేసే వ్యవస్థే ‘మిసాజినీ’ అనీ ఆమె వివేచించారు.

తెలుగు సమాసం

‘రాగద్వేషాలు’ అనే జంటపదం సూచిస్తున్నట్లు తెలుగులో ద్వేషం ఒక మనోవికారం. అందుచేత ‘స్త్రీద్వేషం’ అన్నప్పుడు తెలుగు పాఠకుడికీ మొదట స్ఫురించేది వ్యక్తి మనసే. తెలుగు రాజకీయ ప్రసంగంలో స్త్రీలను బంధుత్వంతో పిలవడం పరిపాటి. ఎన్.టి. రామారావు ప్రసంగాల్లోని ‘ఆడపడుచులు’ అనే సంబోధన సుప్రసిద్ధం. ఆయన ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానంగా జన్మతః హక్కు కల్పించిన ఈ సవరణ దేశంలోనే మార్గదర్శకమైన చర్య. అయితే ఆ తేదీకి ముందే వివాహమైన కుమార్తెలు దాని పరిధిలోకి రాలేదు. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళినా ఆడబిడ్డ పుట్టింటికి ఆడపడుచే. వాడుకలో చెక్కుచెదరని ఆ బంధం చట్టంలో మాత్రం పెళ్ళినాటితో తెగిపోయింది. 2005 కేంద్ర సవరణలో ఈ మినహాయింపు లేదు.

ఈ మినహాయింపులో ద్వేషం లేదు, ఎవరూ ఎవరినీ దూషించలేదు. అయినా కొందరు స్త్రీలు హక్కు కోల్పోయారు. ‘స్త్రీద్వేషం’ అనే పదం ఇటువంటి స్థితిని అందుకోలేదు. ‘పితృస్వామ్యం’, ‘పురుషాధిక్యత’ వంటి పదాలు వ్యవస్థను సూచిస్తాయి కానీ, దానిని ధిక్కరించిన స్త్రీ ఎదుర్కొనే దండనను ప్రత్యేకంగా చెప్పవు.

ముగింపు

ఆరోపణను మనసుకు సంబంధించినదిగా మార్చి, ఆపై కుటుంబప్రేమను సాక్ష్యంగా నిలపడం రాజకీయ ప్రసంగంలో తరచుగా కనిపించే ఆత్మరక్షణ. మక్వారీ మార్పు ఆ రక్షణను బలహీనపరిచింది. తెలుగు నిఘంటువులు ‘స్త్రీద్వేషం’ అర్థాన్ని విస్తరించాలా, వేరొక పదాన్ని ఆదరించాలా అన్నది వాడుకే తేల్చాలి. అంతవరకు నాయకుల మాటలను విశ్లేషించే పరిశోధకులు వారి మనోభావాన్ని కాక, ఆ మాటల వల్ల, చేతల వల్ల స్త్రీలకు దక్కినదేమిటో, దక్కకుండా పోయినదేమిటో ప్రమాణంగా స్వీకరించడం సమంజసం.