పదహారువేల ఇళ్ళు, ఒక్క కృష్ణుడు

పోయిన సంక్రాంతికి మా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి వచ్చింది. పండక్కొచ్చిన పిల్ల గొబ్బెమ్మల దగ్గర కూచుంటుందా అంటే, ఊహూఁ! వసారాలో మంచంమీద చేరి, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని టకటకా ఏదో కొడుతోంది. ఏదో ఒక మాట కలపాలి గనక, "ఆఫీసులో నీ చేతికింద ఎన్ని కంప్యూటర్లున్నాయే?" అని అడిగాను.

"నలభై దాకా ఉంటాయి పెద్దమ్మా."

"అబ్బో! ఎంత పెద్ద గదిలో పెట్టారో!"

అది పకపకా నవ్వింది. "గదేమిటి పెద్దమ్మా! అన్నీ కలిపి ఒక్కటే పెట్టె. మన బీరువాలో ఒక అర అంత ఉంటుంది."

ఒక పెట్టెలో నలభై కంప్యూటర్లేమిటో నాకు ఓ పట్టాన బోధపడలేదు. అది ఎంతో ఓపిగ్గా చెప్పింది. నేనూ తల ఊపాను. తీరా రాత్రి పడుకున్నాక నారదుడు జ్ఞాపకం వచ్చాడు! పదహారువేలమంది భార్యలతో ఈ కృష్ణుడు ఎలా వేగుతున్నాడో చూద్దామని ఆయన ద్వారక వెళ్ళాడు కదూ? ఒక ఇంట్లో కృష్ణుడు పాచికలాడుతున్నాడు. పక్కింట్లో పిల్లల్ని ఆడిస్తున్నాడు. ఆ పై ఇంట్లో స్నానానికి లేస్తున్నాడు. ఏ ఇంటి ఇల్లాలికి ఆ ఇంట్లో పూర్తి కృష్ణుడే. పక్కింట్లోనూ ఉన్నాడన్న సంగతి ఆవిడకి పట్టదు.

వర్చువల్ మెషీన్ అంటే అచ్చంగా ఇదే. మాయాయంత్రం అందాం. అసలు యంత్రం ఒక్కటే. దానిమీద ఒక పెద్దరికపు ప్రోగ్రాము కూచుని, తనలో కాపురమున్న ఒక్కొక్కదానికీ "ఈ యంత్రమంతా నీదే, ఈ జ్ఞాపకశక్తి నీదే, ఈ డిస్కు నీదే" అని నమ్మిస్తుంది. ఒక వాటాలో ఫ్యూజు పోతే పక్క వాటాలో దీపం ఆరదు.

ఇది నిన్నమొన్నటి వింత అనుకున్నాను. చదివి చూస్తే దీనికి అరవై ఏళ్ళు దాటాయి.

1964 నాటి మాట. అప్పట్లో కంప్యూటరంటే ఒక హాలంత ఉండేది. కార్డులకు చిల్లులు పొడిపించి, కట్టగట్టి కిటికీలో ఇచ్చి, జవాబు కోసం రేషను షాపు ముందు నిలబడ్డట్టు కాచుకోవాలి. అలా కాకుండా, పదిమందీ ఒకేసారి తలో బల్ల దగ్గరా కూచుని ఒకే యంత్రాన్ని వాడుకునే పద్ధతి కోసం అమెరికాలో పెద్దలంతా తాపత్రయపడుతున్న రోజులు. మసాచుసెట్స్ రాష్ట్రంలో కేంబ్రిడ్జి అనే ఊళ్ళో ఎం.ఐ.టి. అనే గొప్ప విద్యాసంస్థ ఉంది కదా, వాళ్ళు అలాంటి ఏర్పాటొకటి తలపెట్టి, యంత్రం కోసం ఐ.బి.ఎం.ని కాదని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీని ఎంచుకున్నారు. సంబంధం కుదిరిపోయిందని ఊరంతా చెప్పుకున్నాక పెళ్ళికొడుకు వేరే పిల్లని చేసుకున్నట్టయింది ఐ.బి.ఎం.కి. పైగా ఆ ఊళ్ళో ఐ.బి.ఎం. వాళ్ళ పరిశోధన కేంద్రమూ, ఎం.ఐ.టి. వాళ్ళ ఆ ప్రాజెక్టూ ఉండేది ఒకే భవనంలో. మెట్లమీద ఎదురుపడినప్పుడల్లా ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి!

కంపెనీ పెద్దలు ఆ పరువు దక్కించుకోవడానికి టి.ఎస్.ఎస్. అని భారీ ఎత్తున ఒక పథకం మొదలుపెట్టారు. డబ్బుకి డబ్బు, మనుషులకి మనుషులు. కేంబ్రిడ్జిలో ఉన్న చిన్న బృందాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆ బృందానికి పెద్ద రాబర్ట్ క్రీజీ. ఆయనా, లెస్ కొమో అనే సహచరుడూ కలిసి చేసిన ఆలోచన ఎంత సులువైందో చూడండి. పదిమంది ఒక యంత్రాన్ని పంచుకోవడానికి తంటాలు పడే బదులు, ఒక్కొక్కరికీ ఒక్కొక్క పూర్తి యంత్రం ఉందని భ్రమ కలిగిస్తే? పంచుకునే గొడవే ఉండదు. సిస్టమ్ 360లో మోడల్ 40 అనే యంత్రానికి కొంత ప్రత్యేకమైన సామగ్రి అమర్చి, 1967 జనవరి నాటికి సి.పి.-40 అని దాన్ని పనిలోకి దింపారు. ఒక యంత్రం మీద 14 మాయాయంత్రాలు. ఒక్కొక్కదానికి 256 కిలోబైట్ల జ్ఞాపకశక్తి. ఈనాడు మన ఫోనులో మనవడి ఫోటో ఒక్కటి కూడా అందులో పట్టదు.

ఆ తర్వాత జరిగిందే నాకు ఎంతో ముచ్చటగా ఉంది. పెద్దకోడలు వండిన విందు తెల్లారినా పొయ్యి దిగలేదు. చిన్నకోడలు మూలగదిలో కుంపటిమీద చేసింది ఊరంతా తిన్నారు. టి.ఎస్.ఎస్. ఆలస్యమై ఆలస్యమై, చివరికి 1971లో దాన్ని పక్కన పెట్టేశారు. కేంబ్రిడ్జి వాళ్ళది సి.పి.-67గా ఎదిగి, 1972 ఆగస్టులో వి.ఎం./370 అన్న పేరుతో కంపెనీ స్వయంగా అమ్మే సరుకయింది.

దాన్ని కొన్నవాళ్ళకి ప్రోగ్రాముతోపాటు దాని మూలం, అంటే వండే విధానం, కూడా చేతికిచ్చేవారు. ఉప్పు తక్కువైతే ఎవరికి వారే వేసుకోవచ్చు. బాగు చేసుకున్నది పక్క ఊరి వాళ్ళకి పంపొచ్చు. విశ్వవిద్యాలయాల వాళ్ళూ, ఆఫీసుల వాళ్ళూ అలాగే ఏళ్ళ తరబడి ఇచ్చిపుచ్చుకున్నారు. ఐ.బి.ఎం. యంత్రాలు వాడేవాళ్ళకి షేర్ అని ఒక సంఘం ఉంది. అందులో ఈ వి.ఎం. బృందం వాళ్ళు తమ గుర్తుగా ఏం పెట్టుకున్నారనుకున్నారు? టెడ్డీబేర్! చంటిపిల్లలు పక్కలో పెట్టుకునే దూది ఎలుగుబంటి. అంత ఆపేక్ష వాళ్ళకి దానిమీద.

1983 ఫిబ్రవరిలో కంపెనీ కొత్త కబురు చెప్పింది. ఇకనుంచి వండిన కూరే ఇస్తాం, వండే విధానం ఇవ్వమని. చట్టప్రకారం వాళ్ళ సొత్తు వాళ్ళిష్టం, కాదనలేం. కాని పదేళ్ళుగా అందులో తమ ఉప్పూ కారమూ వేసినవాళ్ళు ఊరుకుంటారా? ఏళ్ళ తరబడి సభల్లో మొత్తుకున్నారు. కంపెనీ మనసు మారలేదు. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మెలిండా వేరియన్ అనే ఆవిడ ఈ కథంతా పూసగుచ్చినట్టు రాసిపెట్టబట్టి ఈవేళ మనకి తెలుస్తోంది. ఇలాంటివి ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే టెడ్డీబేర్ల సంగతి ఏ చరిత్రకెక్కుతుంది చెప్పండి?

ఈలోగా బల్లమీద పెట్టుకునే చిన్న కంప్యూటర్లొచ్చాయి. మనిషికొకటి ఉండగా మాయ దేనికని అందరూ మరిచిపోయారు. పైగా వాటి గుండెకాయలోని చిప్పు ఈ మాయకి లొంగేది కాదు. అది పాటించే ఆజ్ఞల్లో 17 మాత్రం పెద్దరికపు ప్రోగ్రాముకి చెప్పకుండా దొడ్డిదారిన పని కానిచ్చేస్తాయట! 1998లో డయాన్ గ్రీన్, ఆమె భర్త మెండెల్ రోజన్‌బ్లమ్, మరి ముగ్గురూ కలిసి వి.ఎం.వేర్ అనే కంపెనీ పెట్టి, ఆ దొడ్డిదారుల దగ్గర కాపలా పెట్టే ఉపాయం కనిపెట్టారు. ఆవిడ అంతకుముందు ఓడల నిర్మాణం కూడా చదివింది. పదేళ్ళు ఆ కంపెనీని పైకి తెచ్చాక, 2008లో బోర్డువాళ్ళే ఆవిడని పదవిలోంచి తప్పించారు. ఎందుకో అక్కడికొచ్చేసరికి పుస్తకం మూసి కాసేపు కూచున్నాను.

మరోపక్క మూలం దాచని మాయలూ పుట్టాయి. 2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జెన్. (మళ్ళీ కేంబ్రిడ్జే, కాకపోతే ఇది అసలు కేంబ్రిడ్జి!) 2006లో ఇజ్రాయెల్లో కె.వి.ఎం. అన్నీ మంచివే. చిక్కల్లా, ఒక్కొక్కదానిదీ ఒక్కొక్క భాష. ఒకదానితో కాపురం అలవాటైనవాళ్ళు ఇంకోదానికి మారాలంటే మొదటికొచ్చి నేర్చుకోవాలి.

అక్కడే మా పిల్ల వాడే లిబ్‌వర్ట్ కథలోకి వస్తుంది. పూర్వం మన కోస్తా రేవుల్లో తెల్లదొరలకీ మనవాళ్ళకీ మధ్య దుబాసీలుండేవారు కదా! ఇదీ ఒక దుబాసీ. మనం దానికి ఒక్క భాషలో చెబితే చాలు. జెన్‌తో జెన్ భాషలో, కె.వి.ఎం.తో కె.వి.ఎం. భాషలో అదే మాట్లాడుకుంటుంది. 2005 చివర రెడ్‌హ్యాట్ కంపెనీలో డేనియల్ వేయార్ అనే ఫ్రెంచాయన దీన్ని జెన్ కోసం మొదలుపెట్టాడు. తక్కినవి తర్వాత చేరాయి. మూలం అందరికీ ఇచ్చే షరతుమీదే బయటికొచ్చింది. 1983లో మూసిన వంటిల్లు ఇంకో వీధిలో తెరుచుకుందన్నమాట.

దుబాసీలు మాట మార్చి దొరల కొంప ముంచిన కథలూ, మనవాళ్ళ కొంప ముంచిన కథలూ విన్నాం. ఈ దుబాసీ అలా కాదని మా పిల్ల ఒట్టేసి చెబుతుంది. ఏళ్ళ క్రితం దానికోసం రాసుకున్న ప్రోగ్రాము ఇవాళ్టి లిబ్‌వర్ట్‌తోనూ పనిచేయాలని, పాత పిలుపు దేన్నీ తీసెయ్యకూడదని, చేసేవాళ్ళు నియమం పెట్టుకున్నారట. కొత్త మిక్సీకి పాత జారు పట్టని ఈ కాలంలో నాకదే పెద్ద విశేషంగా తోచింది.

2023 నవంబరులో బ్రాడ్‌కామ్ అనే కంపెనీ వి.ఎం.వేర్‌ని కొనేసింది. ఒకసారి కొనుక్కుని ఎన్నాళ్ళయినా వాడుకునే పద్ధతి ఎత్తేసి, ఇక ఏటేటా కట్టాల్సిందే అంది. సొంతిల్లనుకున్నది అద్దిల్లయింది. చాలా ఆఫీసులు అప్పుడే మూలం దాచని మాయల వైపు తిరిగి చూశాయి. ఇల్లు మారడం చెప్పినంత తేలిక్కాదు. సామాను కట్టిన ఆడవాళ్ళకి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు.

కనుమనాడు మళ్ళీ దాని పక్కన చేరి తెరకేసి చూశాను. పేర్ల పట్టీ ఒకటి ఉంది. కొన్నిటి పక్కన నడుస్తున్నాయనీ, కొన్నిటి పక్కన ఆగిపోయాయనీ ఉంది. అది ఒక పేరు ముందు 'డిస్ట్రాయ్' అని కొట్టేసరికి నా గుండె ఝల్లుమంది.

"అయ్యో, నాశనం చేసేశావేమిటే!"

"కాదు పెద్దమ్మా. పేరుకే నాశనం. ఫ్యూజు పీకానంతే. మళ్ళీ స్టార్ట్ అంటే లేచి కూచుంటుంది."

"మరి నిజంగా పంపించెయ్యాలంటే?"

"అన్‌డిఫైన్ అనాలి. అప్పుడు పట్టీలోంచి పేరు పోతుంది. అయినా దాని డిస్కు మాత్రం ఊరికే పోదు. వేరే చెప్పి చెరిపించాలి."

అంటూనే ఆ పేరు ముందు 'స్టార్ట్' కొట్టి, మూత మూసి, అరిసెల డబ్బా ఎక్కడుందని అడిగింది.