నల్లమలలో పులికి పొరుగువాళ్లు

నల్లమల పులి కథను ప్రాజెక్ట్ టైగర్‌తో మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది. 1973లో ఆ పథకం పుట్టింది, 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి అందులో చేరింది, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం అయింది. అయితే కాపాడటానికి అప్పటిదాకా పులంటూ మిగిలింది కదా, ఆ మిగలడం ఎలా జరిగింది? బ్రిటిష్ ఇలాకాలో పులిని చంపి తెస్తే ఇనాం ఇచ్చేవారు. మన్ననూరు పైనున్న ఫర్హాబాద్ నిజాం వేటకు విడిది. తుపాకులూ మంచెలూ వేట బంగ్లాలూ అడవి బయటి నుంచి వచ్చినవే. లోపల పెంటల్లో, అంటే చిన్న చిన్న గూడేల్లో ఉన్న చెంచులనే ఆదివాసులు గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, విల్లంబులతో చిన్న జంతువులను కొట్టుకుని బతికారు. వాళ్ల మధ్య ఉండి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో అచ్చువేయించిన పుస్తకంలో కనిపించేదీ ఈ బతుకే. తిండిలో వేట పాలు కొద్దిపాటిది. క్రూరమృగంతో వాళ్లకు కథల్లో చుట్టరికం కూడా ఉంది: అహోబిలం నరసింహుడు చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనుక సింహం మొగం దేవుడు వాళ్లింటి అల్లుడు. పులి బతికిందంతా చెంచుల పుణ్యమేనని నేననను, రాతికొండలూ దారిలేని లోయలూ దాన్ని కాచాయి. కానీ పులికి ప్రాణభయం పెంటల నుంచి రాలేదన్నది మాత్రం గట్టిగా చెప్పగలను.

అప్పటి చెంచులు వేరు, ఇప్పటి పశువులూ ఉచ్చులూ వేరు, పిల్లలను సాకే ఆడపులికి అలికిడి లేని చోటు కావాలి అంటారు కొందరు. ఈ మాటలో నిజముంది, దాన్ని తోసెయ్యలేం. అయితే కాపలా ఉన్న రాజస్థాన్ పులుల అభయారణ్యం సరిస్కాలోనే 2004–05 నాటికి ఒక్క పులీ మిగల్లేదు. ఆ దెబ్బతో 2005లో వేసిన టైగర్ టాస్క్‌ఫోర్స్ తేల్చింది కూడా ఇదే: చుట్టూ ఉన్న జనాన్ని పగవాళ్లను చేసుకుని పులిని కాపాడటం సాగదు. నల్లమలలో పులి అడుగుజాడ పట్టే కాపలాదారుల్లో ఇవాళ చెంచులు ఉన్నారు. అటవీ హక్కుల చట్టం, పులుల సంరక్షణకు వన్యప్రాణి చట్ట సవరణ రెండూ 2006లోనే వచ్చాయి. జనాన్ని తరలించాలంటే వాళ్ల ఇష్టం మీదే జరగాలని ఆ సవరణ చెబుతోంది. ఇక అలికిడి మాటకొస్తే, 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ నల్లమలలో తెలంగాణ వైపునున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. బోర్లు వేసే యంత్రాల చప్పుడు ఆడపులికి వినపడదా? చెంచులూ చుట్టుపక్కల ఊళ్లూ ఎదురుతిరిగాక, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ పోరాటంలో చెంచులు తమ పెంటలనూ, పులి తిరిగే చోటునూ ఒకే అడవిగా చూపించారు.