సముద్రగర్భపు చమురు – వర్తక సంఘము

పోటీదారులైన వర్తకులు ఒక సంఘముగా కూడుట వింతగా తోచవచ్చును. కాని మొదటి ప్రపంచ యుద్ధమున సేనలకు చమురు నందించుటకై అమెరికా కంపెనీలు కలసి పనిచేసినవి. ఆ పొత్తునుండియే 1919లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పుట్టినది. ఒకరి గొట్టమునకు మరియొకరి మర బిగియని దినములవి. 1924 మొదలు ఈ సంఘము పరికరములకు ప్రమాణములు నిర్ణయించి ఆ చిక్కు విడదీసినది.

1947లో మెక్సికో సింధుశాఖయందు, తీరము కంటికి కానరాని దూరమున, చమురు బావి త్రవ్వబడినది. బావులు లోతునకు పోయినకొలది సంఘము మాటకు విలువ హెచ్చినది. ప్రభుత్వము సైతము దాని ప్రమాణములను తన నిబంధనలలో చేర్చుకొన్నది.

అయితే ఆ సంఘమునకు రెండు ముఖములు. ఒకటి ఇంజనీరుది, రెండవది వకీలుది. భద్రతకు నియమములు వ్రాయుచునే, కఠినమైన కట్టుబాట్లు రాకుండ ప్రభుత్వముతో వాదించుచుండెడిది. 1993లో అది ప్రకటించిన భద్రతా నిర్వహణ పద్ధతిని పాటించుట కంపెనీల ఇష్టమునకే విడువబడినది.

2010 ఏప్రిల్ 20న ఆ సింధుశాఖలోనే డీప్‌వాటర్ హొరైజన్ పేలినది. 11 మంది మరణించిరి. 87 దినములు చమురు కడలిపాలైనది. ఆ యేడే 1993 నాటి పద్ధతిని ప్రభుత్వము విధిగా చేసినది. పరిశ్రమ తరఫున వాదించు సంస్థయే ప్రమాణములను వ్రాయుటవలన వాటి బిగువు సడలినదని 2011లో అధ్యక్షుని విచారణసంఘము తేల్చినది. ఆ సంవత్సరముననే ఇన్‌స్టిట్యూట్ ఒక భద్రతా కేంద్రమును నెలకొల్పినది; కాని దానిని తన గొడుగు క్రిందనే ఉంచుకొన్నది.

మర బిగియుటకు పోటీదారులు కూడిన చాలును. ప్రాణరక్షణకు వారికి లోబడని కన్ను వేరొకటి కావలయును.