సుల్తాన్ బజారు: కళాశాల ముంగిటి వీధి

హైదరాబాదు నగరమున కోఠీ అను పేరు ఒక భవనమునుండి పుట్టినది. బ్రిటిషు రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కాలమున, 1803 ప్రాంతమున నిర్మాణ మారంభమైన రెసిడెన్సీయే ఆ కోఠీ. దానిచుట్టు పెరిగిన అంగళ్లకు రెసిడెన్సీ బజార్లని పేరు వచ్చినది. ఊరు నిజాముది, ఈ వీధులపై అధికారము మాత్రము రెసిడెంటుది. సాహుకార్లు ఆ నీడను కోరి ఇచ్చట కొట్లు పెట్టిరి. సొమ్మునకు భద్రత గల చోటికి వర్తకము తానై నడచివచ్చుట వింత కాదు.

ఆ భద్రతయు నిశ్చలమైనది కాదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్‌ల నాయకత్వమున తిరుగుబాటుదారులు రెసిడెన్సీపై దండెత్తినపుడు, పుత్లీబౌలి వైపున దాని కెదురుగా నున్న ఇండ్లే వారికి మాటు లైనవి.

1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఈ ప్రాంతముననే వెలసినది. 1933లో బజార్లు మరల నిజామునకు అప్పగింపబడి, సుల్తాన్ బజారను పేరు పొందినవి.

అయినను వీధికి అసలైన పునర్జీవనము 1949లో కలిగినదని మేము తలంతుము. ఆ యేట ఉస్మానియా మహిళా కళాశాల రెసిడెన్సీ భవనమునకు తరలివచ్చినది. సిపాయిలు కావలి కాచిన ద్వారమునుండి యువతులు పుస్తకములతో వెలువడజొచ్చిరి. గాజులు, రవికె గుడ్డలు, తినుబండారములు, అన్నిటికిని బేరము పెరిగినది. అన్నిటికన్న మిన్నగా కోఠీ పాత పుస్తకముల అంగళ్లు పేరుగాంచినవి. తక్కువ వెలకు కొన్న పాఠ్యగ్రంథమును పరీక్ష ముగియగనే మరల అచ్చటనే అమ్ముకొనుట పేదయింటి విద్యార్థినికి ఒక విధమైన వేతనమే!

మెట్రో మార్గము ఇటుగా వచ్చునన్నపుడు వర్తకులు చాలకాలము ప్రతిఘటించిరి. తుదకు 2020 ఫిబ్రవరి 7న ఆ మార్గము తెరువబడినది. రైలు వీధిని చంపునను భయము ఎంతవరకు నిజమో అంగడివారే చెప్పవలెను. స్తంభములు మాత్రము ఇరుకును తగ్గింపలేదు. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయ మైనది. పిదప చాకలి ఐలమ్మ పేరు దానికి పెట్టబడినది.

ఇక వీధి నుద్ధరింతమని పూనుకొనువారు మొదట కాలిబాటను చూడవలెను. పాత భవనమునకు సున్నము పూయుట సులభము. నడచువారికి దారి, పుస్తకములవానికి నాలుగడుగుల చోటు, ఈ రెండును ఒకే బాటపై అమర్చుటయే కష్టము. వీధి విక్రేతలకై 2014లో చేసిన చట్టము, సర్వే జరిపి పత్రము లిచ్చువరకు ఎవరిని తొలగింపరాదని చెప్పుచున్నది. కొలతబద్ద అచ్చటినుండియే పట్టవలెను.